ఎలుకల డాక్టరమ్మ

పాప గుక్కపట్టి ఏడుస్తోంది! పక్కనే మంచం మీద సుహైలా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు... కళ్లు తెరిచే ఉన్నాయి. గుమ్మంలో తల్లి రోస్నానీ నిలబడి ఉంది. మనవరాలిని ఎత్తుకోవాలి కదా! ఎత్తుకోలేదు. చెయ్యి దానంతటదే పైకి లేచింది, చూపు చేతి గడియారం మీద పడింది.

మలేషియాలో, పెనాంగ్‌లోని ల్యాబ్‌లో ఆమె బతుకంతా చేసిన పని అదే మరి! ఎలుక పిల్లల్ని గూట్లోంచి తీసి దూరంగా పెట్టడం, తల్లి ఎంతసేపటికి వచ్చి నోట కరుచుకుపోతుందో చూడటం. మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్‌ని అందుకునే గ్రాహకాలు సరిగ్గా పని చెయ్యకపోతే తల్లి కదలదు, పిల్లలు ఎంత కీచుమన్నా కదలదు. మధ్యలో మనిషి చెయ్యి పెట్టిందా, ప్రయోగం పాడు! తల్లి మనసు ఎక్కడ పుడుతుందో కనుక్కోవాలని తన బిడ్డని అత్తగారి ఒళ్లో పడేసి పరుగెత్తిన మనిషికి ఆ పాపిష్టి అలవాటు ఒంట్లో ఇంకిపోయింది.

సుహైలా ఇటు తిరిగింది... చూసింది.

"టైము చూస్తున్నావా అమ్మా?"

"లేదు తల్లీ... నేను..."

"చూడు, బాగా చూడు! నా పిల్లని నేనెప్పుడు ఎత్తుకుంటానో రాసుకో! నేను ఏడ్చినప్పుడు కూడా ఇలాగే చూశావా? అయ్యో, మర్చిపోయాను... అప్పుడు నువ్వు ఇంట్లో ఉంటేగా!"

వంటింట్లోంచి అత్తగారు హస్మా విసవిసా వచ్చి పాపని భుజాన వేసుకుంది. సుహైలాని పెంచింది ఆవిడే. కొడుకు పోయినా కోడలి మీద కోపం మాత్రం పోలేదు.

"తప్పుకో ఎలుకల డాక్టరమ్మా! ఇది మెరోయన్. బాలింతకి గాలి సోకింది. పథ్యం ఉండవే అంటే వింటేనా, ఐసు నీళ్లు తాగింది మహాతల్లి!"

రోస్నానీ ఆవిడ వెనకే వంటింట్లోకి నడిచింది.

"అత్తయ్యా, మీరు మెరోయన్ అనండి, నేను జబ్బంటాను, పిల్ల మాత్రం ఒకటే. దీనికి మందుంది! నేను ఇన్నాళ్లూ తల బద్దలుకొట్టుకున్నది దీని గురించే. ఆలస్యం చేస్తే అది మనకి దక్కదు..."

"అయితే ఆ మాట దానికే చెప్పు!"

"నేను చెబితే మొండికేస్తుంది. మీరు చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నది మీ ఆలోచనే అనండి. నా పేరు ఎత్తకండి... ఎప్పటికీ!"

హస్మా పాపని రెండో భుజం మీదికి మార్చుకుంది.

"పుణ్యం నాకు కట్టబెడితే నీకు కడుపు మండదుటే?"

"మండుతుంది అత్తయ్యా! ఎందుకు మండదు? కానీ నా పేరు వింటే మాత్ర ఉమ్మేస్తుంది."

ఆ మధ్యాహ్నమే నానమ్మ చెయ్యి పట్టుకుని సుహైలా ఆసుపత్రికి వెళ్లింది. రోస్నానీ కారు కూడా ఎక్కలేదు. మందు మెల్లమెల్లగా పట్టింది. మొదట అన్నం సహించింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒక ఉదయం కూతురు పాపకి స్నానం చేయిస్తూ కూనిరాగం తీస్తుంటే రోస్నానీ తలుపు చాటున నిలబడి విన్నది. లోపలికి వెళ్లలేదు.

రంజాన్ నెల ముగిసి రాయా పండగ వచ్చింది. ఇల్లంతా చుట్టాలు, రెండాంగ్ మాంసం ఘుమఘుమలు! పొరుగింటావిడ పాపని ముద్దాడుతూ అడిగింది: "మీ అమ్మది ఈ చదువేగా సుహైలా, నీ జబ్బు ముందే పోల్చుకోలేదా?"

"అమ్మా?" సుహైలా కిలకిలా నవ్వింది. "మా నానమ్మ లేకపోతే నేనిప్పుడు ఉండేదాన్నే కాదు! అమ్మకి ఎలుకలైతే తెలుస్తాయి, మనుషులు తెలియరు!"

గదిలో అందరూ ఘొల్లున నవ్వారు. హస్మా చేతిలో గరిటె ఆగిపోయింది. "కాదే పిల్లా, అసలు సంగతి..."

"అత్తయ్యా!" రోస్నానీ గబుక్కున అందుకుంది. "పక్కింటావిడ పళ్లెం ఖాళీ అయింది, ఇంకాస్త వడ్డించండి."

ముసలావిడ కళ్లనిండా నీళ్లతో వంగి వడ్డించింది. అందరితో పాటు రోస్నానీ కూడా నవ్వింది... అందరూ ఆపేశాక కూడా ఇంకాస్త నవ్వింది.