రాకెట్టు తలుపు

ఉక్కునగరంలో ఆ చివరి క్వార్టర్ వైపు చీకటి పడితే ఎవరూ వెళ్లేవారు కాదు. ఖాళీ ఇల్లు. అయినా లోపల ఉరుములు ఉరిమేవట, తడికాళ్లతో ఎవరో నడిచిన చప్పుడు వినబడేదట. సెకండ్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లు బండి ఆ సందులోకి తిప్పకుండా చుట్టూ తిరిగి పోయేవారు. ఇనుము కరిగించే మొనగాళ్లకి కూడా దెయ్యమంటే భయమే మరి.

ఈ సంగతి నాకు చెప్పింది మా బావమరిది సాయిశంకర్. మద్దిలపాలెంలో ఓ చిన్న స్టూడియోలో సౌండ్ రికార్డు చేసేవాడు. ఇప్పుడు మానేశాడు.

వాళ్ల డైరెక్టర్ మోహనకృష్ణ ఒక పాత రేడియో నాటకాన్ని టీవీ సీరియల్‌గా తీస్తున్నాడు. 'చందమామలో చేపలబజారు' దాని పేరు. చేపలమ్మే గంగాలమ్మ మొగుణ్ణీ తట్టనీ వెంటేసుకుని పొరపాటున రాకెట్టు ఎక్కేస్తుంది. చంద్రుడి మీద దిగి అక్కడివాళ్లతో బేరాలు పెట్టుకుంటుంది. ఆ రోజుల్లో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారట. అన్నిటికంటే పెద్ద నవ్వు రాకెట్టు తలుపు దగ్గర. ప్రతి వారం అది బిగుసుకుపోతుంది. మొగుడు లోపల్నుంచి బాదుతూ అరుస్తాడు — "తలుపు తియ్యండర్రా... సచ్చిపోతన్నాను!"

ఆ బాదుడూ ఆ అరుపూ పైడయ్యవి. ప్లాంటులో ఉద్యోగం, సెలవు రోజున రేడియోలో చప్పుళ్లు. రేకు ఊపితే ఉరుము, తడిగుడ్డ నేలకి కొడితే చంద్రుడి మీద అడుగులు. టేపులు మిగల్లేదు గానీ, మనిషి మిగిలాడు.

టీవీలో తీస్తున్నారని విని, పెందుర్తిలో కూతురింటి నుంచి రేకుముక్క సంచిలో పెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. అందరి ముందూ ఊపి చూపించి, సిగ్గుపడుతూ అడిగాడు.

"బాగొచ్చిందా, బాబూ?"

మోహనకృష్ణ ఫోన్లోంచి తలెత్తలేదు. "ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి తాతా. ఇంటికెళ్లి పడుకో."

అందరూ కిసుక్కుమన్నారు. సాయిశంకర్ కూడా నవ్వాడు.

"మరికాస్త సాధన సేసి వత్తాను బాబూ," అని ముసలాయన సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తీరా కంప్యూటర్ చప్పుళ్లు వినిపిస్తే ఛానల్ వాళ్లు ఆవలించారు. తలుపు సీనుకి నవ్వు రాకపోతే సీరియల్ లేదు పొమ్మన్నారు. సరిగ్గా అప్పుడే స్టూడియోలో ఎవరో దెయ్యాల క్వార్టర్ ఊసెత్తారు — అక్కడ అచ్చం రేడియోలో చప్పుళ్లే వస్తున్నాయని.

మోహనకృష్ణకి వెంటనే వెలిగింది. ఆ క్వార్టర్ రిటైరయ్యేదాకా పైడయ్య ఉన్నదే. కూతురింట్లో పిల్లల చదువులకి అడ్డమని, ముసలాడు అక్కడ దూరి సాధన చేస్తున్నాడన్నమాట!

"పిలిచావంటే పేరు వెయ్యమని కూర్చుంటాడు. బయట్నుంచి గుట్టుగా రికార్డు చేసుకొచ్చెయ్," అని సాయిశంకర్‌ని పంపాడు.

సాయిశంకర్ వెళ్లేసరికి సందంతా చీకటి... తలుపుకి అడ్డంగా కొత్త చెక్క, దానికి మేకులు. గడపకి నిమ్మకాయలు, పసుపుతాడు. ఊచల కిటికీలు, అవీ మూసి ఉన్నాయి. గోడ అవతల నుంచి పక్కింటి గవర్రాజు గుసగుసలాడాడు.

"నిన్న భూతవైద్యుడొచ్చి దెయ్యాన్ని లోపలే కట్టేసినాడు బాబూ... అప్పట్నించీ ఒకటే అరుపు. పలకొద్దన్నాడు. పలికినోడు దాంతోపాటే పోతాడంట. ఎల్లిపో."

సాయిశంకర్ ఫోన్ చేసి, "సార్, తలుపుకి మేకులున్నాయి," అన్నాడు.

"వెనకనుంచి దూరుంటాడు లేవయ్యా. పాతింటి దారులు వాడికి తెలీవా!"

వెనక్కి వెళ్లి చూడాలంటే భయమేసింది. వెళ్లలేదు. మైకు తలుపుకి ఆనించాడు.

లోపల... రేకు మోగింది.

ధన్... ధన్... ధన్...

ఆ వెనకే గొంతు. బొంగురుగా, తడారిపోయి —

"తలుపు తియ్యండర్రా... సచ్చిపోతన్నాను..."

సాయిశంకర్‌కి ముందు ఒళ్లు జలదరించింది. తర్వాత నవ్వొచ్చింది. ఈ వయసులో ఏం నటన! మళ్లీ రేకు. మళ్లీ ఆ మాటే. చివర్లో కొత్తగా, నెమ్మదిగా — "ధనలక్ష్మీ..."

చాలనుకుని మైకు సర్దుకున్నాడు. పాపం ఆ రోజు నవ్వాను కదా అని, పోతూ పోతూ తలుపు మీద తట్టాడు.

"బాగొచ్చింది, తాతా!"

లోపల రేకు ఒక్కసారిగా గబగబా మోగింది. మెచ్చుకున్నందుకు సంబరమనుకున్నాడు. బండి స్టార్టు చేస్తున్నా అది మోగుతూనే ఉంది.

ఆ ఆదివారం సీరియల్ వచ్చింది. తలుపు సీనుకి ఊరు ఊరంతా నవ్వింది. గంగాలమ్మ మొగుడు "ధనలక్ష్మీ" అని పిలిచేసరికి — ఓహో, వీడికి ఇంకొకత్తి కూడా ఉందా అని మరీ విరగబడి నవ్వారు.

పెందుర్తిలో ఒక ఇంట్లో మాత్రం ఒకావిడ టీవీ ముందు నుంచి లేచి నిలబడింది. నాన్న కనబడ్డం లేదని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి, ఆయన మోజుపడ్డ సీరియల్ కదా అని ఆవేళ పెట్టుకుంది. పైడయ్య కూతురు ధనలక్ష్మి.

ఆ అరుపు ఎక్కడిదో స్టూడియోలో కనుక్కుని, ఆ పాత క్వార్టర్‌కి పరిగెత్తి, మేకులు ఆవిడే పీకించింది. వెనక తలుపుకీ మేకులే... రేకు ముసలాయన చేతిలోనే ఉందట, అంచులన్నీ నెత్తురు. మేకులు కొడుతున్నప్పుడు ఎందుకు పలకలేదంటే, ఖాళీ క్వార్టర్లో దూరినందుకు పట్టుకుంటారని నక్కి ఉంటాడు. భయం మనిషిని అంత పని చేస్తుంది. మరి వాసనకైనా అనుమానం రాలేదా అని గవర్రాజుని అడిగారు. దెయ్యం చచ్చిందనుకున్నాడట!

ఇంత జరిగినా మోహనకృష్ణ ఆ సీను తీసెయ్యలేదు. జనానికి నచ్చిందిగా! చాలామంది దాన్నే ఫోన్ రింగ్‌టోన్‌గా పెట్టుకున్నారు. వాడి గదిలో కూర్చుని ఇదంతా వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు మనిషివేనా?" అని సాయిశంకర్‌ని నిలదీశాను.

వాడు గది తలుపు వైపు చూస్తున్నాడు.

బయట... రేకు ఊగిన చప్పుడు.

ఎవరి ఫోనో మోగిందనుకున్నాను. లేచి, "ఎవరదీ?" అనబోయాను. అంతలో తలుపుకి ఆనుకుని ఓ గొంతు, సిగ్గుపడుతూ —

"బాగొచ్చిందా, బాబూ?"

సాయిశంకర్ నా నోరు మూసేశాడు. వాడి చెయ్యి మంచులా ఉంది.

"నువ్వు పలక్కు బావా," అన్నాడు. "నాను అప్పుడే పలికేసినాను."