లక్క సీలు వేసిన దీపం

హిందూపురం బెల్లం మండీలో దానియేలును ఆటపట్టించని మనిషి లేడు. మిగతా లారీ డ్రైవర్లు క్లీనర్లను వెంటబెట్టుకుని తిరుగుతుంటే ఇతను పెళ్ళాన్ని వెంటబెట్టుకుని తిరిగేవాడు. మూటలు ఎక్కించే హమాలీలు పుల్లమ్మ లారీ ఎక్కడం చూసి నవ్వుకునేవాళ్ళు. "ఏమబ్బా దానియేలూ, ఒక్కపూట కూడా ఇడిసి ఉండలేవా?" అని అడిగేవాళ్ళు. దానియేలు కూడా వాళ్ళతో పాటు నవ్వేసేవాడు. అసలు సంగతి తెలిస్తే లారీ ఓనరు ఆ క్షణమే తాళం చెవులు లాక్కుంటాడని ఆ మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు.

దానియేలుకు రేచీకటి. పగలంతా చూపు నిక్షేపంగా ఉండేది. పొద్దు గూకిందంటే చాలు, కళ్ళకు ఎవరో గుడ్డ కట్టినట్టయ్యేది. ముందు హెడ్‌లైట్లు రెండూ వెలుగుతున్నా అతనికి దారి మసకమసకగా ఉండేది, పది గజాల తర్వాత బొత్తిగా కనబడేది కాదు. క్లీనరును పెట్టుకుంటే గుట్టు రట్టవుతుంది. అందుకని పుల్లమ్మే వచ్చేది. అతని ఎడమ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి ఉంచేది. చెయ్యి తనవైపు లాగితే ఎడమకు తిప్పాలి, అవతలికి నెడితే కుడికి. గట్టిగా పట్టుకుంటే బ్రేకు. ఇంజను రొదలో మాట వినబడినా వినబడకపోయినా చెయ్యి మాత్రం తప్పేది కాదు. వాళ్ళు అట్లా ఎన్నో రాత్రులు దాటారు. పిల్లలు లేని ఆ ఇద్దరికీ లారీయే ఇల్లు, ఆ చెయ్యే దీపం.

ఆ మధ్య దానియేలు ఒక మూడో దీపం కూడా సంపాదించాడు. పాత ఇనుము అమ్మే ఈరన్న అంగట్లో దొరికింది. గుండ్రంగా, పెద్ద గిన్నెంత ఉంది. దాన్ని తన కిటికీ పక్కనే, చెయ్యి చాపితే అందేలా బిగించుకున్నాడు. అది వెలిగిస్తే దారి పట్టపగలయ్యేది, అతనికి కూడా. కానీ బండికి ముందర రెండు దీపాలకు మించి ఉండకూడదని పోలీసుల పట్టుదల. డ్రైవర్లు చేసే పని ఒకటే. ఊరు వస్తోందంటే ఆ దీపానికి గోనెపట్ట తొడిగేవాళ్ళు, ఊరు దాటగానే పీకేసేవాళ్ళు. దానియేలూ అంతే. ఇదివరకే రెండుసార్లు దొరికిపోయాడు. ఇంకొక్క కేసు పడితే లైసెన్సు రద్దవుతుందని కోర్టులో చెప్పి పంపారు.

యాభై ఎనిమిదో సంవత్సరం, కార్తీకంలో తుపాను వానలు. ధర్మవరానికి బెల్లం వేసుకుని బయలుదేరేసరికే ఆలస్యమైంది. పెనుకొండ చేరేటప్పటికి కొండ వెనక ఎరుపు ఇంకా కొంచెం మిగిలి ఉంది. పుల్లమ్మ గోనెపట్ట తొడుగు తొడుగు అని తొందరపెట్టింది కానీ, గోనె తొడిగేలోపే ఊరి చివర హెడ్‌కానిస్టేబులు గోవిందరాజులు చెయ్యి అడ్డం పెట్టాడు.

గోవిందరాజులుది పెద్ద గొంతు కాదు. అరవడు, లంచం అడగడు. అందుకే డ్రైవర్లకు అతనంటే హడలు. కిటికీ దగ్గరికి వచ్చి మూడో దీపాన్ని వేళ్ళతో తట్టి చూశాడు.

"ఈ లైటు యాడ కొన్నావప్పా?"

"పాత ఇనుముల అంగట్లో సార్."

దీపం చుట్టూ ఉన్న ఇత్తడి అంచు మీద ఒక సొట్ట ఉంది. గోవిందరాజులు ఆ సొట్టనే చూస్తూ నిలబడ్డాడు.

"పోయిన ఏడు ఇదే వానల్లో," అన్నాడు చివరకు, "ధర్మవరం దోవలో వంక మీద చిన్న వారధి, మోరీ ఉండాదే, ఆడ ఎద్దులబండి ఒకటి దాటుతాండాది. దోవ సగం కొట్టకపోయింది. బండి తోలేవాని పెండ్లాము చిన్నక్క లాంతరు పట్టుకోని ముందర నడుస్తా, 'పోనీ, పోనీ' అని దోవ చూపిస్తాండాది. ఎదురుగా ఒక లారీవాడు వచ్చి ఇట్లాంటి దీపమే ఏసినాడు. ఎద్దుల కండ్లల్లో పడె. బెదిరి ముందుకు దూకినాయి. మొగుడే తోలినట్లాయె, ఆయమ్మ మీదికి."

పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లారీవాడు నిలబడకుండా పోయినాడు. అందుకే సెప్తాండా, రూలు ఊరికే పెట్టలేదు." గోవిందరాజులు పక్కనున్న ఠాణాలోకి వెళ్ళి కొవ్వొత్తి, ఎర్ర లక్క తెచ్చాడు. దీపానికి గోనెపట్ట తొడిగి, పురికొసతో బిగించి, ముడి మీద లక్క కరిగించి పోసి ముద్ర వేశాడు. "ధర్మవరం నాకాలో, బండ్లు తనిఖీ చేసే కాడ, మావాడు రామాంజినేయులు చూస్తాడు. సీలు పగిలింటే కేసు. పో."

దానియేలుకు నోటిదాకా వచ్చింది, నాకు రాత్రి కనబడదు సార్ అని. చెప్తే లైసెన్సు ఇప్పుడే పోతుంది. పుల్లమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నెట్టింది. లారీ కదిలింది.

ఊరు దాటేసరికి ఆ కాస్త ఎరుపూ ఆరిపోయింది. నక్షత్రం కూడా లేని మబ్బు. కప్పల అరుపు రెండు పక్కలా ఎడతెగకుండా సాగుతోంది. తడిసిన బెల్లం వాసన, పెట్రోలు వాసన, అప్పుడప్పుడు బురద వాసన. దానియేలు ముందుకు వంగి, కళ్ళు చిట్లించి, భుజం మీది చేతినే నమ్ముకుని నడుపుతున్నాడు. పుల్లమ్మ చెయ్యి వెచ్చగా ఉంది. భయమేసినప్పుడల్లా ఆమె లోగొంతుతో ప్రార్థన చెప్పుకోవడం అతనికి అలవాటే. ఆ రోజూ చెప్పుకుంటూనే ఉంది.

కాసేపటికి చెయ్యి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. బ్రేకు వేశాడు.

"వంక వచ్చె," అంది పుల్లమ్మ. "మోరీ మీద దోవ కోసుకపోయిండాది. ఎంత మిగిలిండాదో ఈడనుంచి తెలీదు. దిగి చూస్తా."

"వద్దు మే. తెల్లారిందాకా ఈడే ఉందాం."

"వంక పెరుగుతాంది. నీళ్ళ సప్పుడు ఇనబళ్ళేదా? ఉంటే లారీ కూడా పోతాది." అతని మెడ మీది తెల్ల తువ్వాలు తీసుకుంది. "ముందర నిలబడి దీన్ని ఊపుతా. లైట్ల ముందర తెల్లగా ఉంటాది, నీకు అగుపడతాది. నేను ఊపిందాకా గేరు ముట్టద్దు. తెలిసిందా?"

"పైలం మే," అన్నాడు దానియేలు. ఆమె లేకుండా ఆ చీకట్లో ఒక్క నిమిషం కూర్చోవాలన్నా అతనికి ప్రాణం మీదికి వచ్చినట్టుంది.

తలుపు తెరుచుకుంది. మూసుకుంది. బురదలో అడుగుల చప్పుడు నాలుగడుగుల దాకా వినబడి నీళ్ళ హోరులో కలిసిపోయింది.

దానియేలు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. హెడ్‌లైట్ల ముందు వాన తుంపర... ఆ వెనక ఏమీ లేదు. తెల్లగా ఏదైనా కదులుతుందేమోనని చూస్తున్నాడు. కదల్లేదు. కప్పలు ఎప్పుడు ఆగిపోయాయో అతను గమనించలేదు. ఇంజను గురగురలోంచి ఎక్కడో ఎద్దుల మెడగంటలు వినిపించినట్టయింది. ఈ వానలో ఎవరు బండి కట్టారో అనుకున్నాడు.

ఎడమ పక్క తలుపు తెరుచుకుంది.

సీటు కుంగింది. తడి చీర సీటుకు రాసుకున్న చప్పుడు. తలుపు మూసుకుంది. దానితో పాటు ఒక వాసన లోపలికి వచ్చింది. బండి ఇరుసుకు పూసే కందెన వాసన, ఆరిపోయిన వత్తి వాసన.

"చూసినావా మే? దోవ ఉండాదా?"

"పోనీ."

పుల్లమ్మ గొంతే. కాకపోతే జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది. తడిసింది కదా అనుకున్నాడు. గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదిలాడు. లారీ ముందుకు పాకింది.

"చెయ్యి ఎయ్యి మే, భుజం మీద."

చెయ్యి పడలేదు.

"పోనీ," అంది మళ్ళీ.

చక్రం రాళ్ళ మీద ఎక్కి దిగింది. నీళ్ళ హోరు కాళ్ళ కిందికి వచ్చింది. ఇన్నేళ్ళలో పుల్లమ్మ అతనికి దారి నోటితో చెప్పింది లేదు.

"మే... మాట్లాడు."

"పోనీ... పోనీ..."

దబ్బుమని బానెట్టు మీద ఎవరో కొట్టారు.

"ఆపయ్యా! నేనూ! ఆపు!"

ఆ గొంతు ముందునుంచి వచ్చింది. లారీకి ముందు, చీకట్లోంచి. అది పుల్లమ్మ గొంతు. పక్క సీట్లోంచి అదే గొంతు చెవికి ఇంకా దగ్గరగా జరిగి, ఊపిరి తగిలేటట్టు, "పోనీ" అంది.

బ్రేకు మీద రెండు కాళ్ళూ వేసి తొక్కాడు. లారీ జారింది... ఇంకొంచెం జారింది... ఆగింది. ఆగిందో లేదో కూడా తెలియడం లేదు. ముందున్నది ఎవరు? పక్కనున్నది ఎవరు? కనబడితే కదా!

లైసెన్సు పోతే పోనీ, కూలికి పోయి బతుకుతాం అనుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి చాపి పురికొస పట్టుకుని పీకాడు. తెగలేదు. లక్క ముద్రను గోళ్ళతో గిల్లి పగలగొట్టాడు. గోరు చీలిన నొప్పి కూడా తెలియలేదు. గోనెపట్ట ఊడి వచ్చింది. మీట నొక్కాడు.

తెల్లటి వెలుగు. అంత వెలుగు ఆ దీపం ఎన్నడూ ఇవ్వలేదు. బంపరుకు జానెడు దూరంలో పుల్లమ్మ నిలబడి ఉంది. ఆమె మడమల వెనక దారి లేదు, నల్లటి నీళ్ళు ఉన్నాయి. కళ్ళు మూయకుండా దీపంలోకే చూస్తోంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

దానియేలు పక్కకు తిరిగాడు. సీట్లో ఎవరూ లేరు. తడి మాత్రం ఉంది.

"ప్రభువా," అని ఏడ్చేశాడు. "ఎక్కు మే, ఎక్కు!" లారీని వెనక్కి తీసి, మిగిలిన సగం దారి మీద చక్రాలు నిలిపాడు. పుల్లమ్మ వచ్చి ఎక్కింది. గేరు మారుస్తూ అడిగాడు. "ఎవరో కూచున్నారు మే ఈడ. నీ మాదిరే మాట్లాడినారు. నువ్వు చూసినావా?" ఆమె ఏమీ అనలేదు. "తువ్వాలేది?" దానికీ జవాబు లేదు. భయపడిపోయిందిలే పాపం అని అతను మళ్ళీ అడగలేదు.

అక్కడినుంచి ధర్మవరం దాకా మూడో దీపం వేసుకునే నడిపాడు. ప్రతి గుంటా, ప్రతి రాయీ కనబడింది. చేతి అవసరమే రాలేదు. దారి పొడుగునా అతని మనసు తేలికగా ఉంది. నాకాలో నిజం చెప్పేస్తాడు. రేచీకటి సంగతీ చెప్పేస్తాడు. లైసెన్సు వాళ్ళే ఉంచుకోనీ. మగ్గం పని నేర్చుకోవచ్చు, పట్టు వడకొచ్చు, ధర్మవరంలో పనికేం తక్కువ? పుల్లమ్మ బతికి ఉంది, అది చాలు. ఈ మాటలన్నీ ఆమెతో పైకే అన్నాడు. ఆమె వింటున్నట్టే ఉంది.

నాకా దగ్గర రామాంజినేయులు లాంతరు పట్టుకుని వచ్చాడు. దానియేలు ఇంజను ఆపకుండానే చేతులు జోడించాడు.

"సార్, తప్పయిపోయింది. సీలు..."

రామాంజినేయులు అప్పటికే లాంతరు ఎత్తి చూస్తున్నాడు. "సీలుకేమప్పా? నిక్షేపంగా ఉండాది. మాట నిలబెట్టుకున్యావు."

దానియేలు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. లాంతరు వెలుగులో, మూరెడు దూరంలో, దీపానికి గోనెపట్ట ఉంది. పురికొస బిగుతుగా ఉంది. ముడి మీద ఎర్ర లక్క, దాని మీద పెనుకొండ ముద్ర, ఎక్కడా బీట లేదు. అతను తన చెయ్యి చూసుకున్నాడు. గోరు చీలి ఉంది. దాని కింద ఎర్రగా లక్క పొడి ఉంది.

మరి ఇంతదూరం... ఏ వెలుతురులో...

"దీపం లేకుండా ఈ చీకట్లో బాగా వచ్చినావప్పా," అంటూ రామాంజినేయులు ముందుకు నడిచాడు. లాంతరు కిందికి వంచాడు. "ఇదేంది, బంపరు కింద ఏదో చిక్కుకోనుండాది."

వంగి, గట్టిగా లాగాడు. అది ఒకంతట రాలేదు. వచ్చింది. లాంతరు ముందు ఎత్తి పట్టుకున్నాడు. పొడుగాటి తెల్ల తువ్వాలు. సగం మాత్రమే తెల్లగా ఉంది.

"నీదేనా?"

దానియేలు తలాడించాడో లేదో అతనికే తెలియదు. రామాంజినేయులు తువ్వాలును కిటికీ మీద వేసి, లాంతరు ఊపుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. వెలుతురు అతనితోపాటే వెళ్ళిపోయింది. చీకటి మళ్ళీ దానియేలు కళ్ళను కప్పేసింది. పక్క సీటు వైపు తిరిగాడు. ఏమీ కనబడలేదు. కందెన వాసన మాత్రం వస్తోంది.

"మే," అన్నాడు. "పుల్లమ్మా... చెయ్యి ఎయ్యి. ఒక్కసారి భుజం మీద చెయ్యి ఎయ్యి."

భుజం వంచి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. చెయ్యి పడలేదు.

"పోనీ," అంది పక్కనుంచి.