కనవాయిలో రెండో గేరు

కాంతామణి ఇడ్లీ పాత్ర మూత తీసేసరికే వీధిలో కూతురు కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చక్రాలను ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. కుక్కపిల్లలు ఏమన్నా పడుకున్నాయేమోనని వంగి కారు కింద చూసింది. ఆ తర్వాత అద్దాలు తుడిచింది. ఎదురింటి పొన్ని ముగ్గు ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఈ తంతు చూస్తూ నిలబడింది. పెళ్ళికూతురిని కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా చూడరమ్మా అని పొన్ని ఎన్నోసార్లు నవ్వింది. ఆ నవ్వులు షర్మిళకు పట్టవు.

"అమ్మా, నాయన తయారైనాడా?" అని లోపలికి వచ్చి అడిగింది.

"స్నానం చేస్తా ఉన్నాడు తల్లీ. అంతలోకి నువ్వు రెండిడ్లీలు తిను."

"కారు తోలే ముందు తినను. కడుపు నిండితే నిద్ర వస్తాది."

కాంతామణి ఇడ్లీ పాత్ర మీద మూత మళ్ళీ పెట్టేసింది. ఆమెకే ఆ పొద్దున ముద్ద దిగడం లేదు. సేలంలో ఆడబిడ్డ వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి పోవాలి. ధర్మపురి నుంచి సేలం ఎంత దూరమని? కానీ మధ్యలో తొప్పూరు కనవాయి ఉంది. కొండల నడుమ ఏటవాలుగా దిగే ఆ దారిలో బ్రేకులు నిలవక బోల్తాపడిన లారీల కథలు ధర్మపురిలో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ దారిన ఈ రోజు కారు తోలబోయేది షర్మిళ.

అసలు గొడవంతా ముందు రోజు అన్నాల దగ్గర మొదలైంది.

షర్మిళ తండ్రి శ్రీనివాసన్‌కు బజారులో పాత్రల అంగడి ఉంది. తాతల నాటి వ్యాపారం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, గొంతు మాత్రం రెండింటికీ ఒక్కటే, వీధి చివరిదాకా వినపడేది! మనిషి మంచివాడే గానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. షర్మిళ ఒక్కతే బిడ్డ. చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయి. చుట్టాలు దిష్టి అన్నారు, గ్రహాలు అన్నారు, తలో తాయెత్తూ కట్టారు. చివరికి సేలంలో ఒక డాక్టరమ్మ ఆటిజం అని చెప్పింది. ఇది రోగం కాదు, ఈ బిడ్డ లోకాన్ని చూసే తీరు వేరు అని నెమ్మదిగా విడమరిచింది. శబ్దాలు ఆమెకు మనకంటే గట్టిగా తగులుతాయి. నలుగురు ఒక్కసారిగా మాట్లాడితే తట్టుకోలేదు. నియమం అంటే ఆమెకు నియమమే, అందులో అటూ ఇటూ ఉండదు.

ఆ బిడ్డే చదువుకుని, ఏ. పళ్లిపట్టి అనే ఊళ్ళో ఒక విత్తనాల ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. ఏ విత్తనం మొలుస్తుందో, ఏది మొలవదో చూసి చెప్పే పని. అక్కడ ఎవరూ అరవరు. ఇంటికి వచ్చి మొలకల గురించి మాట్లాడుతుంటే కూతురి ముఖం చూడాలి, ఎంత వెలుగో! కానీ బస్సు ఉంది గదా. అదిరిపోయే పాటలు, చెవులు చిల్లులు పడే హారన్లు, మీద పడే జనం. కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెవులు మూసుకుని గోడ మూల కూర్చుంటే మర్నాటిదాకా మాట రాలేదు. ఆ తర్వాతే కారు నేర్చుకుంటానంది. మురుగేశన్ మాస్టరు దగ్గర చేరింది. "సార్, ఒకసారికి ఒక మాట మాత్రం చెప్పండి" అని మొదటి రోజే చెప్పిందట. ఆయన ముందు నవ్వాడు, తర్వాత అలవాటు పడ్డాడు. లైసెన్సు పరీక్షలో మొదటిసారే నెగ్గితే ఊరందరికీ ఆయనే చెప్పుకున్నాడు.

లైసెన్సు వచ్చింది సరే, తాళంచెవి మాత్రం రాలేదు.

"రోజూ కారిచ్చి పంపేదానికి నా గుండె ఏమన్నా ఇనుమా?" అన్నాడు శ్రీనివాసన్ అన్నంలో రసం పోసుకుంటూ. "రోడ్డు మీద హారన్ కొడితే చెవులు మూసుకుంటావు. అప్పుడు స్టీరింగు ఎవురు పట్టుకుంటారు?"

"కారు తోలేటప్పుడు మూసుకోలేదు నాయనా. మురుగేశన్ సార్‌ను అడుగు."

"మాస్టరు పక్కన ఉంటే ఎవురైనా తోలతారు! పని మానుకో పాపా. అంగట్లో కూర్చో. నీకేమి తక్కువ చేసినాను?"

"అంగట్లో గిన్నెల చప్పుడు. నాకు పని ల్యాబులో. కారు ఇవ్వు."

ఆ పిల్ల అలా సూటిగా అడిగితే ఎవరికైనా కోపం రావాల్సిందే. శ్రీనివాసన్ ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాడు. "సరే! రేపు సేలంకు నువ్వే తోలు. తొప్పూరు కనవాయి దిగి చూపించు. దిగితే కారు నీది. దిగలేకపోతే పని మానేసి ఇంట్లో ఉండాల. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను" అంది షర్మిళ, పెరుగు వడ్డించుకుంటూ.

ఇదీ సంగతి. ఆ రాత్రి కాంతామణి దేవుడి ముందు నిలబడి ఏం మొక్కుకుందో తెలుసా? బిడ్డ గెలవాలని కాదు! ఎవరికీ దెబ్బ తగలకుండా ఏదో ఒక చిన్న తప్పు జరగాలి, బిడ్డ తనంతట తానే వద్దనుకోవాలి, కళ్ళ ముందే ఉండిపోవాలి. తల్లి మొక్కు అంటే ఇదేనా అని ఆమెకే సిగ్గేసింది. అయినా మొక్కుకుంది.

బయలుదేరే వేళకు శ్రీనివాసన్ పట్టు పంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కాంతామణి వెనక కూర్చుంది. షర్మిళ బెల్టు పెట్టుకుని ఇద్దరివైపూ ఒకసారి చూసింది.

"కారు కదిలినాక ఎవురూ మాట్లాడకూడదు. పాటలు పెట్టకూడదు. ఏమన్నా చెప్పాలంటే కారు నిలిపినాక చెప్పండి."

"సేలం దాకా నోరు మూసుకునేదానికి నేనేమన్నా కొలువులో బొమ్మనా?"

"నాయనా, నువ్వు మాట్లాడితే నీ మాట వినాల. రోడ్డును కూడా వినాల. రెండూ ఒకసారి నాకు కావు."

కారు కదిలింది. ఊరు దాటి హైవే ఎక్కింది. శ్రీనివాసన్ పడిన యాతన చెప్పనలవి కాదు. ఆటో అడ్డం వస్తే "ఏయ్" అనబోయి మింగాడు. ముందు బస్సు నెమ్మదిస్తే కాలు తనే బ్రేకు తొక్కినట్టు నొక్కాడు. దగ్గాడు, కండువాతో ముఖం తుడుచుకున్నాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. షర్మిళ మాత్రం అద్దం చూస్తుంది, రోడ్డు చూస్తుంది, మళ్ళీ అద్దం చూస్తుంది. ఎవడో హారన్ మీద చెయ్యి తీయకుండా పక్కనుంచి దూసుకుపోతే ఆమె భుజాలు ఒక్కసారి బిగిశాయి, మళ్ళీ వదులయ్యాయి. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. వెనక కూర్చున్న కాంతామణికి కూతురి మెడ, చెవి, జడ మాత్రమే కనపడుతున్నాయి. ఈ పిల్ల నా పిల్లేనా అనిపించింది. ఇంట్లో గ్లాసు కిందపడితే ఉలిక్కిపడే పిల్ల గదా!

కనవాయి వచ్చింది. రోడ్డు ముందుకు వాలింది. 'తక్కువ గేరులో వెళ్ళండి' అనే బోర్డు దాటారు. షర్మిళ కారును ఎడమ పక్కకు తెచ్చి, మూడో గేరులోంచి రెండుకు దించింది. ఇంజను గట్టిగా మూలిగింది. కారు ముసలావిడ మెట్లు దిగినట్టు నిదానంగా దిగసాగింది. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి.

ఇక్కడ శ్రీనివాసన్ సంగతి ఒకటి చెప్పాలి. ఆయన ఈ కనవాయిని ఎప్పుడు దిగినా గేరు తీసేసి న్యూట్రల్ వేసే దిగుతాడు. "దిగుడులో ఇంజనుకు పెట్రోలు తాపేవాడు వ్యాపారి కాదు" అని అంగడికి వచ్చినవాళ్ళకు కూడా గొప్పగా చెప్తాడు. ఆ బోర్డు లారీలకోసం పెట్టిందని ఆయన నమ్మకం. అలాంటి మనిషి పక్కన ఇంజను మూలుగుతుంటే, వెనక హారన్లు మోగుతుంటే, ఎంతసేపని ఊరుకుంటాడు?

"న్యూట్రల్ వెయ్యి పాపా! ఇంజను పగిలిపోతాది! అందురూ తిడతా ఉండారు, వెయ్యి!"

షర్మిళ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆయన చెయ్యి చాచి గేరు పట్టుకుని బలంగా లాగేశాడు.

కారు పట్టు తప్పినట్టు ఒక్క ఉరుకు ఉరికింది. కాంతామణి పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మా" అని అరవబోయి ముందు సీటు పట్టుకుంది. షర్మిళ అరవలేదు. బ్రేకు తొక్కింది, ఎడమచేత్తో తండ్రి చెయ్యి తోసేసింది, గేరు మళ్ళీ రెండులో పెట్టింది. ఇంజను మళ్ళీ మూలిగింది. కారు మాట విన్నది. "చెయ్యి తియ్యి" అన్న ఒక్క మాట తప్ప ఆ పిల్ల నోట ఏమీ రాలేదు. కొంత దూరం దిగాక, బండ్లు ఆగడానికి వెడల్పుగా వదిలిన చోటు కనపడింది. సిగ్నలు వేసి, అద్దం చూసి, నెమ్మదిగా పక్కకు తీసి నిలిపింది. హ్యాండ్ బ్రేకు లాగింది. ఇంజను ఆపింది.

అప్పుడు మొదలైంది వణుకు. రెండు చేతులూ గాలిలో గబగబా ఆడించింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ గొంతులో ఏదో సన్నగా మూలిగింది. చెవులు రెండూ మూసుకుంది.

"చూసినావా కాంతా? చూసినావా?" శ్రీనివాసన్ వెనక్కి తిరిగాడు. "ఇందుకే గదా వద్దన్నాను! ఈ బిడ్డ చేత అవుతాదా ఇది? దిగు పాపా, ఈ పక్కకు రా. నేను తోలతాను."

ఇదిగో, ఆమె మొక్కిన చిన్న తప్పు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "నాయన తోలనీ తల్లీ" అని ఒక్క మాటంటే చాలు, అంతా ఆమె కోరుకున్నట్టే అయిపోతుంది. కాంతామణి నోరు తెరిచింది. కూతురి చేతులవైపు చూసింది. ఆ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. ఇప్పుడే వణుకుతున్నాయి! కారు ఉరికినప్పుడు వణకలేదు, గేరు వేసినప్పుడు వణకలేదు, కారు పక్కకు తీసి నిలిపేదాకా వణకలేదు. ఆ భయాన్నంతా ఈ పిల్ల లోపల పట్టి ఉంచింది, అమ్మానాన్నలను క్షేమంగా నిలబెట్టాకే వదిలింది. అయ్యో, నేను ఏమి మొక్కుకున్నాను? నా బిడ్డ ఓడిపోవాలని దేవుడిని అడిగినానే! 

కొంతసేపటికి షర్మిళ ఊగడం ఆపింది. కళ్ళు తెరిచింది.

"నాయనా, గేరు తీసేస్తే కారును ఇంజను పట్టుకోదు. బ్రేకు మాత్రం పట్టుకోవాల. బ్రేకు కాలిపోతే ఏదీ పట్టుకోదు. ఒక కారుకు ఒక డ్రైవరు. నువ్వు గేరు ముట్టుకునేదైతే నేను తోలను."

"కన్నబిడ్డ నాకు నేర్పేదా? నాకు!"

"అరవద్దండి" అంది కాంతామణి. పెళ్ళయిన నాటినుంచీ ఆయన ఆ గొంతు వినలేదు. "తప్పు చేసింది మీరు. కారును కాపాడింది అది. మీరు వెనక్కి రండి. నేను ముందర కూర్చుంటాను."

"నువ్వు కూడానా కాంతా!"

"అది తోలుతాది. నేను దాని పక్కన ఉంటాను. దిగండి."

శ్రీనివాసన్ ఏమనుకున్నాడో, ముఖం ఎర్రగా చేసుకుని దిగి వెనక సీట్లో కూర్చున్నాడు. షర్మిళ అమ్మ బెల్టు సరిగా పడిందో లేదో లాగి చూసి, కారు తీసింది. మళ్ళీ అదే రెండో గేరు, అదే నిదానం. లారీలు హారన్లు కొట్టాయి, కొట్టనీ అన్నట్టు పోయింది. మలుపు తిరిగాక ఒకచోట బ్రేకులు కాలిన కంపు గుప్పుమంది. రోడ్డు పక్కన ఒక వ్యాను చక్రాల నుంచి పొగ లేస్తోంది, డ్రైవరు నీళ్ళ బిందె పక్కన పెట్టుకుని తల పట్టుకున్నాడు.  కాంతామణి అద్దంలో చూస్తే, వెనక సీట్లో శ్రీనివాసన్ ఆ వ్యాను కనుమరుగయ్యేదాకా తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

కనవాయి కింద టీ కొట్టు దగ్గర షర్మిళ కారు నిలిపింది. శ్రీనివాసన్ దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా టీ తీసుకున్నాడు. వెనకే ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు పెరియసామి దిగుతూనే తమిళంలో గట్టిగా అందుకున్నాడు. "ఆ తెల్లకారు తోలింది ఎవరు సార్? కనవాయి అంతా మమ్మల్ని నత్తల్లాగా నడిపించినారే!"

 ఇంకో రోజైతే శ్రీనివాసన్ చేతులు నలుపుకుంటూ, పాప కొత్తగా నేర్చుకుంటోంది, ఏమనుకోవద్దు అనేవాడు. చుట్టాల ముందు ఇన్నేళ్ళూ అలాగే ఏదో ఒక సాకు చెప్పి తప్పించేవాడు. ఈ రోజు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నా కూతురు" అన్నాడు, అంగట్లో గొంతుతో. కొట్టులో అందరూ తిరిగి చూశారు. "ఆ చోట అట్లే దిగాల. ఇన్నాళ్ళూ తప్పుగా దిగింది నేను. నేర్పింది నా కూతురు."

పెరియసామి తల గోక్కుని నవ్వేశాడు. "సరే సార్, పాపకు చెప్పండి. ఆమె పుణ్యమా అని నా బ్రేకులు కూడా చల్లగా ఉన్నాయి."

శ్రీనివాసన్ కారు దగ్గరికి వచ్చి కూతురి కిటికీ పక్కన నిలబడ్డాడు. లోపలికి వంగాడు. కాసేపు అద్దం మీద దుమ్ము తుడిచాడు.

"సోమవారం నుంచి ల్యాబుకు కారు నువ్వే తీసుకుపో పాపా."

షర్మిళ ఆలోచించింది. "సోమవారం ల్యాబు సెలవు నాయనా. మంగళవారం నుంచి తీసుకుపోతాను."

శ్రీనివాసన్ పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆ నవ్వు ఎక్కడో తెగిపోయి, కండువాలో ముఖం దాచుకున్నాడు. ముందు సీట్లో కాంతామణి ఇక ఆపుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అమ్మా, ఏడుస్తా ఉన్నావు. నొప్పా?"

"లేదు తల్లీ. సంతోషం."

షర్మిళ అమ్మ ముఖంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. "సరే. ఏడిచి ముగించినాక పోదాం. తొందరేమీ లేదు" అంది. తాళంచెవి మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళిద్దరి ఏడుపూ తీరేదాకా ఓపికగా కూర్చుంది.