నడిమిట్ట మలుపు

మా ఎయిర్‌పోర్టు వెనక, ప్రహరీగోడ వెంబడి ఏర్పేడు వైపు పోయే దారిలో ఒక మలుపు ఉంది. రాత్రిపూట అక్కడ బండి ఆపకూడదు. టైరు పంక్చరైనా సరే, అలాగే ఈడ్చుకుంటూ ముందుకు పోవాలే గాని ఆపకూడదు. ఈ మాట నా సొంతం కాదు. మా ట్యాక్సీ స్టాండులో ఎవరినడిగినా ఇదే చెప్తారు.

మామూలు దెయ్యాలు పిలుస్తాయి. ఈ మలుపులోది పిలవదు… పలుకుతుంది.

“వస్తాండా… ఉండు… వస్తాండా…”

ముసలి గొంతు. చీకట్లోంచి, కాస్త దూరం నుంచి. ఎవరు పిలిస్తే పలుకుతోందో తెలియదు. ఎవరి కోసం వస్తోందో తెలియదు. విన్నవాళ్ళలో ఒకడు వారం రోజులు జ్వరంతో లేవలేదు. ఇంకొకడు కారు అమ్మేసి రేణిగుంటలో టిఫిన్ బండి పెట్టుకున్నాడు. మరొకడైతే తాడిచెట్టంత మనిషిని చూశానని, చెయ్యెత్తితే విమానం తగిలేటంత ఎత్తున్నాడని ఒట్టు వేశాడు. వాడు ఆ పూట ఏ సారాకొట్టు నుంచి వచ్చాడో నాకు తెలుసు గనుక ఆ ఎత్తులో సగం తీసేశాను.

నేనూ ఆ స్టాండులోనే బండి నడుపుతాను. దెయ్యాల మీద నాకు పగటిపూట నమ్మకం లేదు. రాత్రి సంగతి అడక్కండి.

మా వైపు పిల్లలందరికీ ఉగ్గుపాలతో పాటు నూరిపోసే మాట ఒకటుంది. రాత్రిళ్ళు ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకే పలకరాదు. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు. దెయ్యం ఒక్కసారే పిలుస్తుంది, పలికామో, వెంట తీసుకుపోతుంది. మా అమ్మ ఇప్పటికీ నేను బయటి నుంచి రెండుసార్లు పిలిస్తే గాని తలుపు తీయదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే ఉంది.

ఇప్పుడు విమానాలు దిగే చోట ఒకప్పుడు పెద్ద చెరువు ఉండేది. ఆ చెరువు నడుమ ఒక దీవి. చుట్టూ నీళ్ళు, మధ్యలో కొన్ని ఇళ్ళు, మామిడి చెట్లు, సెనక్కాయ చేలు. దాన్ని నడిమిట్ట అనేవాళ్ళు. విమానాశ్రయం పెద్దది చేయాలన్నప్పుడు పక్కనున్న గుట్టను తవ్వి ఆ మన్ను తెచ్చి చెరువులో పోశారు. గుట్టా పోయింది, చెరువూ పోయింది, మిట్ట ఎక్కడుండేదో చెప్పడానికి ఆనవాలు లేకుండా అంతా చదునైపోయింది. మిట్టవాళ్ళకు కాలనీలో ఇళ్ళిచ్చారు. చెరువుగట్టు మాత్రం ఒక ముక్క మిగిలింది. రోడ్డు దాని మీదుగా పోతుంది గనుకే అక్కడ ఆ మలుపు.

ఇక ప్రతాప్ సంగతి.

ప్రతాప్ ఐరాల వాడు. మా స్టాండులో అందరికన్నా చిన్నవాడు. దెయ్యం సినిమాలో సగంసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, బయటికొచ్చాక ‘ఏముందబ్బా దాంట్లో’ అనే రకం. అప్పటికి వాడికి కూతురు పుట్టి ఏడాది కాలేదు. పల్లవి అని పేరు పెట్టుకుని, ఫోను తీస్తే ఆ పిల్ల ఫోటోలే చూపించేవాడు.

పోయిన కార్తీకంలో ఒక రాత్రి, ఏర్పేడులో ఎవరినో దింపి ఖాళీ బండితో వస్తున్నాడు. సన్నగా తుంపర. వీడికి ఒంటికి వస్తోంది, ఏర్పేడు నుంచీ ఆపుకుంటున్నాడు. స్టాండు దాకా ఆగగలననుకున్నాడు. ఆగలేకపోయాడు. ఆపింది ఎక్కడో తెలుసు కదా.

గట్టు అంచున నిలబడ్డాడు. గోడ అవతల దీపాలు. ఇవతల చీకటి. కప్పల అరుపు తప్ప చప్పుడు లేదు.

కప్పలు ఆగిపోయాయి.

“వస్తాండా…”

మొదట తన చెవులనే నమ్మలేదు. ప్యాంటు జిప్పు పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు.

“ఉండు… వస్తాండా…”

ఈసారి దగ్గరగా. బురదలో కాళ్ళు పడుతున్న చప్పుడు… ఒక అడుగు… ఇంకో అడుగు. చీకట్లోంచి ముందుగా ఒక పొడుగాటి గెడ కనపడింది, మనిషికి రెండింతలుంది. దాని కింద ఒక ముసలాయన. పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, తడిసి, వణుకుతూ.

ఆయన ప్రతాప్ మొహంలోకి చాలాసేపు చూశాడు. చూసి, గెడ దించుకుని, మెల్లగా అడిగాడు.

“నువ్వు గాదు గదప్పా పిలిచింది?”

దెయ్యం కాదు. కాలనీలో ఉండే కుప్పయ్య. నడిమిట్టకు పుట్టి నడిపినవాడు. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టిలో మనుషుల్నీ, మేకల్నీ, సెనక్కాయ మూటల్నీ గెడ వేసి దాటించినవాడు. మా డ్రైవర్లను ఇన్నాళ్ళు హడలగొట్టిన గొంతు ఈ బక్క ముసలాయనది. ప్రతాప్‌కు నవ్వొచ్చిందట. చలికి వణుకుతున్నాడు కదా అని కారులో కూర్చోబెట్టి, ఈ వేళప్పుడు ఇక్కడ నీకేం పని తాతా అని అడిగాడు. ఆయన చెప్పింది విన్నాక మళ్ళీ నవ్వలేదు.

కుప్పయ్యకు ఒక్కతే కూతురు, సుజన. బడికి పోయేటప్పుడు గట్టున దింపేవాడు, సాయంత్రం ఆ పిల్ల గట్టు మీద నిలబడి “నాయనా” అని పిలిచేది. ఒక్కసారే. రెండోసారి పిలవాల్సిన పనే పడలేదు. ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా “వస్తాండా” అని మిట్ట మీది నుంచి పలికేవాడు, ఆ వెంటనే గెడ నీళ్ళలో పడేది. మిగతా పిల్లలు నోరు నొప్పి పుట్టేదాకా వాళ్ళ నాయనల్ని పిలుస్తుంటే, మా నాయనకు ఒక్క పిలుపు చాలని సుజన గొప్పలు పోయేదట.

ఆ పిల్ల పెద్దదై పెళ్ళై ఐరాలకు, అత్తగారింటికి పోయింది. ఒక కార్తీకంలో తుఫానుకు చెరువు నిండి కట్ట తెగేలా ఉన్నప్పుడు కుప్పయ్యకు విషజ్వరం పట్టుకుంది. రాత్రి, కంబళి కప్పుకుని పడుకుని ఉండగా గట్టు మీది నుంచి వినపడింది.

“నాయనా…”

లేచి కూర్చున్నాడు. నోరు తెరవబోయాడు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. సుజన ఐరాల్లో ఉంది, ఈ అర్ధరాత్రి ఎందుకొస్తుంది? జ్వరం మనిషి కోసం ఏదో వచ్చి పిలుస్తోంది. ఒక్క పిలుపుకు పలకొద్దు, మనిషైతే మళ్ళీ పిలుస్తుందిలే అంది. ఆయనకూ భయమేసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి రెండో పిలుపు కోసం చూశారు.

రెండో పిలుపు రాలేదు.

తెల్లారి గట్టు మీద సుజన సంచి దొరికింది. నాయనకు జ్వరమని తెలిసి ఆఖరి బస్సుకు వచ్చింది. సంచిలో జ్వరమొచ్చిన వాళ్ళకు తెచ్చే బ్రెడ్డు ప్యాకెట్టు ఉంది. ఒక్క పిలుపుకే పలికే నాయన పలకలేదంటే, ఆ పిల్ల ఏమనుకుని ఉంటుంది? పలకలేని స్థితిలో ఉన్నాడనుకుని ఉంటుంది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే బయటపడే రాళ్ళదారి ఆ పిల్లకు గుర్తే, ఆ నిండు చెరువులో దాని మీద నడిచి రావాలని దిగింది. సగం దాకా వచ్చింది.

మిట్ట మీదే మామిడిచెట్టు కింద పూడ్చారు. ఇప్పుడు ఆ చెట్టు లేదు, ఆ చోటు లేదు. ఆ బిడ్డ మీదుగా రోజూ విమానాలు దిగుతున్నాయి.

“ఇప్పటికీ పిలస్తానే ఉండాదప్పా,” అన్నాడట కుప్పయ్య. “చెరువున్నన్నాళ్ళూ పలికి, పుట్టి ఏసుకోని గట్టుకొచ్చి సూసిపోతాంటి. ఇప్పుడు మిట్ట మీదికి నన్ను పోనీరు. గోడ గట్టేసినారు. నేను ఆడ్నించి పలకాల, అది ఈడ్నించి పిలవాల. అట్లయితేనే దానికి నాయన అని తెలుస్తాది. ఈడ నిలబడి ఎంత పలికినా నా బిడ్డకు ఇనపడ్ల్యా.”

ప్రతాప్ బ్లోయరు వేడి పెంచి ఆయన చేతులు దాని ముందు పెట్టాడు. కాలనీ దగ్గర దిగేటప్పుడు ఆయన తలుపు పట్టుకుని నిలబడి, నేను పోతే దానికి పలికేవాళ్ళు ఎవరున్నారు అన్నాడు. వీడు నోరు జారి అన్నాడో, మనసు కరిగి అన్నాడో గాని, నేను పలుకుతాలే తాతా అన్నాడు. ముసలాయన వీడి తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

ప్రతాప్ ఇదంతా స్టాండులో నాకొక్కడికే చెప్పాడు. చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, టీ వేడిగా ఉందని సర్దుకున్నాను.

ఎండాకాలం చివర్లో కుప్పయ్య పోయాడు. ఆయన భార్య అంతకు ముందే పోయింది. కాలనీవాళ్ళతో పాటు మేమిద్దరం కూడా పాడెకు భుజం పట్టాం. మిట్ట మీద పూడ్చమని అడిగే ధైర్యం ఎవరికుంది? ఏటి ఒడ్డున కానిచ్చి వచ్చాం. ఆ గొంతు ఎవరిదో అప్పుడే స్టాండులో అందరికీ చెప్పాం. మలుపులో గొంతు ఆగిపోయింది. మా వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు.

వానలు మొదలయ్యాక… మళ్ళీ వినపడింది.

“వస్తాండా…”

ఈసారి ఎవరూ వెక్కిరించలేదు. ఆ మనిషి చచ్చిపోయాడని అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు, మోసిన భుజం నాది. ఆ దారినే పోవడం మానేశాను.

కాని ఒక రాత్రి తప్పలేదు. పెద్దరోడ్డు మీద లారీ అడ్డం తిరగడంతో పోలీసులు అటు మళ్ళించారు. అద్దాలు ఎత్తేసి, దేవుణ్ణి తలుచుకుంటూ మలుపు దాకా వచ్చాను. లైట్ల వెలుగులో గట్టు మీద ఆ పొడుగాటి గెడ కనపడింది. దాని కింద ఒక మనిషి. బ్రేకు తొక్కేశాను.

అప్పుడే విమానం ఒకటి దిగింది. ఆ వెలుతురులో మొహం చూశాను.

ప్రతాప్.

వాడి కారు పక్కన తుమ్మచెట్ల కింద దీపాలార్పి ఉంది. నేను దిగి, పిచ్చి పట్టిందా నీకు అని చొక్కా పట్టుకుని ఊపేశాను. వాడు విడిపించుకోలేదు.

“తాత దినాలైన మర్నాడు ఈ దారిన వస్తాండాన్నా. అద్దం దించి ఉండాది. ‘నాయనా’ అనింది. పలుకుదామంటే నోరు రాలా. అద్దం ఎత్తేసి పారిపోయినా. తాతకు మాటిచ్చి పారిపోయినా.”

తీతువుపిట్ట ఏమోరా అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు నుంచి కుప్పయ్య గెడ తెచ్చుకుని వీలైన ప్రతి రాత్రీ వచ్చి పలుకుతున్నాడట. మళ్ళీ ఒక్కసారి కూడా పిలవలేదట.

“నాకూ కూతురుండాదన్నా. అప్పుడు వాళ్ళ నాయనా పలకలా, ఇప్పుడు నేనూ పలకలా అని, ఆ బిడ్డ యాడికి పోయిందో…”

వాడు ఏడ్చాడు. ఆ పిల్లాణ్ణి పట్టుకుని నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి అక్కడ టీ కూడా లేదు. పద, ఇంటికి పోదాం, పల్లవి నిద్ర లేస్తే నీ కోసం చూస్తుంది అని వాణ్ణి కారు వైపు తిప్పాను.

కప్పలు ఆగిపోయాయి.

“నాయనా…”

మా వెనక. గట్టు మీది నుంచి. అలసిపోయిన ఆడపిల్ల గొంతు. ఒక్కసారే.

ప్రతాప్ నా చెయ్యి పట్టుకున్నాడు. నేను నోరు తెరిచాను, నిజంగానే తెరిచాను, మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. వాడి పెదాలు కదిలాయి. మాట ఇంకా బయటికి రాలేదు.

“వస్తాండానమ్మా… ఉండు…”

పలికింది మేము కాదు. గోడ అవతల నుంచి… విమానాలు దిగే చోటి నుంచి వచ్చింది. ఆ ముసలి గొంతు నాకు తెలుసు.

ఆ వెంటనే నీళ్ళలో గెడ పడిన చప్పుడు. చుక్క నీరు లేని ఆ సిమెంటు నేల మీద, నీళ్ళు చీలుతున్న చప్పుడు. అది గోడ దాటింది. మా కాళ్ళ దగ్గర, గట్టుకు తగిలి ఆగింది. మేము కదల్లేదు. కాసేపటికి మళ్ళీ మొదలై, వచ్చినంత తొందర లేకుండా, మిట్ట వైపు వెనక్కి పోయింది.

ఆ రాత్రి తర్వాత ఆ మలుపులో ఎవరూ పిలవలేదు, ఎవరూ పలకలేదు. మా స్టాండువాళ్ళు ఇప్పటికీ అక్కడ బండి ఆపరు. నేనూ ప్రతాప్ మాత్రం అటు పోయినప్పుడల్లా ఆపి, అద్దం దించి, కాసేపు వింటాం.

మొన్న మా అమ్మకు చెప్పాను, ఇకమీదట నేను ఒక్కసారే పిలుస్తాను, తలుపు తియ్యమని.