జత విడిచిన పిస్టన్

"లాగు మావా లాగు, నీ వైపు పగలు... లాగు మావా లాగు, నా వైపు..." ఆ తరువాత ఏముందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు నాన్న, మేనమామ చెరో చివరా పట్టుకుని పెద్ద రంపం లాగుతుంటే, రంపం పొట్టు మీద కూర్చుని పాడేదాన్ని. అలుపైనా, కోపమైనా మనుషులకేనని అనుకునేదాన్ని అప్పుడు.

నా కొడుకుదీ కోత పనే. చైన్ రంపంతో చెట్లు కొట్టేవాడు. గాలివానకి రోడ్ల నిండా చెట్లు పడి, చేతినిండా పనున్న రోజుల్లోనే వాడి రంపం బిగుసుకుపోయింది. ఇంజను విప్పి చూస్తే పిస్టన్ నిండా గీతలు. కొట్టుకెళ్ళి కొత్తది తెచ్చాడు. వాడి పాత రంపానికి అది పట్టలేదు. ఆ పెట్టె మీదున్నది కూడబలుక్కుని చదివాను, మనవరాలి పలక పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలతో. పిస్టన్, అది ఆడే సిలిండర్ గొట్టం ఒకే జతగా మార్చాలట.

"కలిసి అరిగినవి కలిసే ఉండాలంటున్నాడురా," అన్నాను.

"రెండూ అమ్ముకోవాలిగా మరి! కంపెనీవాడు అలాగే రాస్తాడు," అన్నాడు.

మధ్యాహ్నానికే మబ్బు కమ్మి చీకటి పడినట్టయింది. వెనక షెడ్డులోకి టీ పట్టుకెళ్ళాను. బల్ల మీద ఇంకో రంపం విప్పి ఉంది. పిడికి చుట్టిన పసుపు టేపు చూడగానే గుర్తుపట్టాను.

అది పొడుగాయనది. నా కొడుకుతో కలిసి కోతకెళ్ళే మనిషి. మొన్నీమధ్యే, సగం కోతలో రంపం ఆగిపోయి, చెట్టు వాలు తప్పి మీద పడి ఆయన పోయాడు. ఆ రంపం బాగుచేసి ఇచ్చింది నా కొడుకే. పిస్టన్‌కి కొత్త రింగు వేయమని ఆయన మొత్తుకున్నా, పాతదే తుడిచి వేశాడు.

"సిలిండర్ పగిలిందిగానీ పిస్టన్ బంగారంలా ఉందమ్మా. మా రెండు రంపాలూ ఒకే రకం, నా దాంట్లో వేసేస్తున్నా."

"వాళ్ళావిడని అడిగావా?"

"తుక్కు సామానుకి అడిగేదేముంది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వేసిన పాత రింగే కదరా ఆయన్ని మింగింది! ఇప్పుడు గుండెకాయ కూడా పీక్కొచ్చావా? సిగ్గుండక్కర్లా?"

"ఇనుముకి గుండేంటి, నీ మొహం! పో, పోయి పడుకో!" స్పానర్ బల్లకేసి కొట్టాడు.

నేను కదల్లేదు. వాడూ ఆగలేదు. పళ్ళు కొరుకుతూనే బిగించాడు. ఇంజను తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది.

కాసేపటికి కాలిన నూనె వాసన. రంపం దగ్గర కాదు... నా వెనక నుంచి. గోడ అర మీద పొడుగాయన సిలిండర్ ఉంది. పగిలిన, ఖాళీ సిలిండర్. దాని చీలికలోంచి సన్నగా పొగ. చెయ్యి దగ్గరపెడితే పెనం సెగ.

"ఒరేయ్... ఆపు. ఇటు చూడు."

చూశాడు. స్విచ్ నొక్కాడు. చేతిలోది ఆగింది.

అర మీదిది ఆగలేదు.

ఖాళీ ఇనుములో చప్పుడు. మనిషి పళ్ళ సందుల్లోంచి ఊపిరి వదులుతున్నట్టు. కోపంగా. ఒక్కో ఊపిరికీ అర మీది మేకులు గలగలమంటున్నాయి.

"తీసేస్తున్నా, అన్నా... నీది నీకిచ్చేస్తున్నా," వాడు గొణుగుతూ బోల్టులు విప్పాడు. చేతులు జారుతున్నాయి. తన రంపం సిలిండర్ ఊడి వచ్చింది. లోపల పిస్టన్ నిలిచి లేదు... పైకి. కిందికి. పైకి. ఎవరూ తాడు లాగడం లేదు. పెట్రోలు గొట్టం ఊడి నేల మీద ఉంది.

పిస్టన్‌ని గుప్పిట్లో పట్టుకున్నాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. వదల్లేదు. వదల్లేకపోయాడో ఏమో, నాకు ఇప్పటికీ తెలియదు.

నా కోపమంతా ఎటుపోయిందో. "వదిలెయ్ నాన్నా," అన్నాను. వాడు రెండో చేత్తో నా భుజం పట్టి గుమ్మం బయటికి నెట్టాడు. తలుపు లోపలినుంచి దగ్గరగా వేశాడు. ఆ సందులోంచి, మెల్లగా, చిన్నప్పటి గొంతుతో అన్నాడు:

"బయట గొళ్ళెం పెట్టమ్మా. నా గొంతుతో ఎవరు పిలిచినా తియ్యకు."