పాతెండలో పడుగు

నేనింతకు ముందు ఏదీ రాసినదాన్ని కాను. నా చదువు ఐదో తరగతి. మెషీన్ల సంగతులు నాకు పెద్దగా తెలియవు కనక, భద్రావతికి ఎంత అర్థమైందో అంతే చెప్తాను.

హాల్లో లైట్లన్నీ ఆర్పేశారు. భద్రావతి ఆ గోడ పక్కన ఒక కుర్చీలో, ఆమె తోడికోడలు రాజ్యం ఈ గోడ పక్కన ఇంకో కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఎద్దులబండి తిరిగేంత ఖాళీ.

"మొదలుపెట్టమంటారా?" అన్నారు డాక్టర్ ప్రభుదాసు గారు.

"పెట్టండయ్యా. ఎవరి మాట నిజమో ఇవాళ తేలిపోవాల," అంది రాజ్యం.

భద్రావతి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

అప్పటికి ఆశ్వయుజమంటే ముసురే. ఒకప్పుడు ఆ నెలలో ఆకాశం తోమిన పళ్ళెంలా ఉండేదంటే పిల్లలు నవ్వేవాళ్ళు. చీరాల నేతపేటలో వీధి పొడుగునా పడుగులు చాచడం ఎప్పుడో మానేశారు. పడుగంటే మగ్గానికెక్కే నిలువు పోగులు. వాటికి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరనివ్వాలి. ఎండేదీ? ఇళ్ళలో ఫ్యాన్ల కింద ఆరబెడితే పోగు మెత్తబడి, మగ్గమెక్కగానే తెగేది.

అలాంటి రోజుల్లో మూతబడ్డ నూలు మిల్లులో ప్రభుదాసు గారు ఈ హాలు కట్టించారు. దానికి పెద్ద ఇంగ్లీషు పేరుంది గానీ ఊళ్ళో అందరూ "పాతెండ" అనేవాళ్ళు. తారీఖు చెబితే చాలు, ఆనాటి పగలంతా హాల్లో కాస్తుంది.

"ఇందులో మాయేం లేదమ్మా," అని ఆయన ముందే చెప్పారు. "సముద్రం ఒడ్డున పాత అబ్జర్వేటరీ ఉంది. అక్కడ రోజూ ఎండ, గాలి, తేమ, వాన కొలిచి రాసిపెట్టారు. గాజుగోళం కింద ఒక అట్టముక్క ఉంచేవాళ్ళు. సూర్యుడు నడిచిన కొద్దీ దాని మీద కాలిన గీత పడేది. మబ్బొస్తే గీత తెగేది. ఆ లెక్కలన్నీ కంప్యూటర్ చదివి, పైకప్పుకున్న లైట్లకీ, గాలి మెషీన్లకీ చెబుతుంది. అంతే."

జనం పెళ్ళిరోజులూ, పిల్లలు పుట్టిన రోజులూ అడిగేవాళ్ళు. ఎవరి వంతో తేల్చడానికి వార్డువాళ్ళు తీసిన చీటీల్లో భద్రావతి పేరొచ్చింది. ఆమె అడిగింది మాత్రం ఒక గొడవ జరిగిన రోజు.

రాజ్యం చెల్లెలి పెళ్ళికి మధుపర్కాలు నేయాలని ఆ రోజు వీధిలో పడుగు చాచారు. రాజ్యం వంటకి లోపలికి పోతూ, "ఆకాశం కనిపెట్టుకోనుండు," అని భద్రావతికి చెప్పింది. అప్పుడే గంజి పెట్టారు, వాన పడింది. పోగులన్నీ అతుక్కుపోయి జడలు కట్టాయి. నేతగాళ్ళింటి పెళ్ళికి అంగట్లో మధుపర్కాలు కొనాల్సొచ్చింది. ఆ సిగ్గు రాజ్యం మర్చిపోలేదు. నల్లటి మబ్బు నెత్తి మీదికొచ్చినా భద్రావతి పక్కింటామెతో కబుర్లు చెబుతూ కూర్చుందని ఊరంతా చెప్పింది. మబ్బే లేదని భద్రావతి అంటే విన్నవాళ్ళు లేరు. ఇంటికి మధ్యలో గోడ లేచింది. ఇద్దరికీ జుట్టు నెరిసినా ఆ మాట భద్రావతిని వదల్లేదు.

హాలు మెల్లగా తెల్లబడింది. తూర్పు గోడ నుంచి పసుపురంగు వెలుతురు ఏటవాలుగా పాకి పాదాల మీద పడింది. పల్చటి చలిగాలి వీచింది. భద్రావతికి ఒళ్ళు పులకరించింది. ఇలాంటి ఎండ తగిలి ఎన్నేళ్ళైందో! పొద్దెక్కింది. పైకప్పు నీలంగా మెరిసింది. భద్రావతి దాన్నే చూస్తూ కూర్చుంది. ఇప్పుడు మబ్బు కనిపిస్తే తప్పు తనదే.

మబ్బు రాలేదు. వానా రాలేదు. మిట్టమధ్యాహ్నమైంది.

"వానెప్పుడయ్యా?" అంది రాజ్యం.

ప్రభుదాసు గారు కంప్యూటర్ చూసి ఇబ్బందిగా తల గోక్కున్నారు. "ఆ రోజు వానే పడలేదమ్మా. చుక్క కూడా లేదు. మీరే తారీఖు పొరబడ్డారేమో."

మబ్బు లేదంటే సంతోషించాలా, వానే లేదంటే ఏడవాలా భద్రావతికి తెలియలేదు. వాన లేకపోతే పడుగు తనే పాడుచేసినట్టు.

కానీ రాజ్యం దిగ్గున లేచింది. "పడలేదా? మా పడుగు జడలు కట్టింది నీళ్ళకి గాక కన్నీళ్ళకా? దొడ్లో బియ్యం కడుగుతున్నా. ఎండ కళ్ళల్లో పొడుస్తా ఉంది. ఆ ఎండలోనే టపటపా చినుకులు నా చేటలో పడ్డయ్. పైన చూస్తే ఇంత మబ్బు తునక లేదు! మీ మెషీన్‌కేం తెలుసు?"



"అక్కా," అంది భద్రావతి మెల్లగా. "మబ్బు లేదా?"

రాజ్యం కుర్చీలో కూలబడి, గొణిగింది. "ఎవురో ఒకర్ని అనకపోతే నాకు ఊపిరాడలేదే. అన్నాక ఎనక్కి తీసుకోలేకపోయినా."

ప్రభుదాసు గారు దగ్గారు. "అబ్జర్వేటరీ ఒడ్డున ఉందమ్మా. మీ వీధిలో పడ్డ జల్లు దానికి తెలిసుండదు."

"తెలియకపోతేనేంలేయ్యా," అంది రాజ్యం చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ. ఆమె చెయ్యి చాచి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పింది. "ఎండ మాత్రం అసలైందే. చూడు భద్రా, ఊరికే పోతా ఉంది."

పాపం, ప్రభుదాసు గారు జ్ఞాపకాల కోసం కట్టిన హాలు అది. తర్వాత నేతపేట మొత్తం పడుగులు ఆరబెట్టుకోడానికి వరసలో నిలబడి ఆ ఒక్క తారీఖే అడిగింది. పెళ్ళిరోజులు అడిగేవాళ్ళకి ఖాళీ దొరకడం మానేసింది. కానీ ముందు వెళ్ళింది మాత్రం వీళ్ళే.

మర్నాడు పొద్దున్నే బయట ముసురు పడుతుంటే భద్రావతి రాజ్యం తలుపు తట్టింది. ఇద్దరూ పడుగు చుట్టను చెరొక వైపు పట్టుకుని హాలుకి మోసుకెళ్ళారు. పాతెండ కాయగానే ఈ గోడ నుంచి ఆ గోడకి చాచి గంజి పెట్టారు. భద్రావతి చంకలోంచి పెద్ద ప్లాస్టిక్ పట్టా తీసి పక్కన పెట్టుకుంది.

"ఇక్కడ వాన పడదమ్మా, నిన్న చూశారుగా!" అని నవ్వారు ప్రభుదాసు గారు.

"ఆ రోజూ పడదనే అనుకున్నామయ్యా," అంది రాజ్యం. పట్టా లాక్కుని ఒళ్ళో పెట్టుకుని, మెడ వెనక్కి వాల్చి పైకప్పు వంక చూస్తూ కూర్చుంది. "నువ్వు దువ్వుకోవే. ఈసారి ఆకాశం నేను చూస్తా."

భద్రావతి కుంచె తీసుకుని, తలెత్తకుండా, పడుగు ఈ చివర నుంచి ఆ చివరదాకా దువ్వుకుంటూ వెళ్ళింది.