కొరికితే ఇంగ్లీషు

“ఎక్స్‌క్యూజ్ మీ. దట్ వన్ ఈజ్ ఫర్ వెజిటబుల్స్,” అన్నాడు వినీత్.

ఆ అమ్మాయి తిరిగి చూసింది. ఆమె కుడిచేతిలో పట్టకారు ఉంది, పట్టకారు కొసన పల్చటి గొర్రె మాంసం ముక్క వేలాడుతోంది. ఎడమచేతిలోని స్టీలు గిన్నె అప్పటికే సగం నిండింది.

“సో?” అంది.

“సో, మళ్ళీ దాంతోనే టోఫూ తీస్తే, శనివారం టోఫూ తినేవాళ్ళ గతేమిటి?” అని ఇంగ్లీషులోనే అడిగాడు.

ఆమె ముక్కని గిన్నెలో పడేసింది. పట్టకారుని ఎక్కడిదక్కడ పెట్టింది. చెవిలోని ఇయర్‌బడ్ సర్దుకుని, ఫోన్లో అవతలున్న తల్లితో తెలుగులో అంది. “ఏం లేదమ్మా. ఇక్కడ ఒక అంకుల్ టాంగ్స్ గురించి నాకు క్లాస్ తీసుకుంటున్నాడు.”

వినీత్ పట్టకారు సంగతి అక్కడికక్కడే మర్చిపోయాడు. మనిషిని ఎన్నైనా అనొచ్చు. పెళ్ళి కాని కుర్రాణ్ణి అంకుల్ అనకూడదు.

“అంకుల్ కాదండీ. పోయిన నెలే ఇరవై ఏడు నిండాయి,” అన్నాడు శుద్ధమైన ఖమ్మం గొంతుతో.

ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. “అమ్మా, ఐ విల్ కాల్ యూ బ్యాక్,” అంది.

“ప్లేనోలో తెలుగులో తిట్టాలంటే ముందు చుట్టూ చూసుకోవాలండీ.”

“నేను తిట్టలేదు. డిస్క్రైబ్ చేశాను.”

టెక్సస్‌లోని ఆ ఊళ్ళో ఈ షాపు ఇండియన్ గ్రోసరీకీ డెంటిస్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. అమ్మేది ఒక్కటే, మాలాతాంగ్ అనే చైనా సూపు. ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుని, అద్దాల ఫ్రిజ్‌లోంచి ఆకుకూరలు, పుట్టగొడుగులు, తామర దుంపలు, మాంసం, నూడుల్స్ ఏది ఇష్టమైతే అది ఏరుకోవాలి. కౌంటర్ దగ్గర తూకం వేసి, ఏ సూపు, ఎంత కారం అని అడిగి ఉడికించి తెస్తారు. అందులో నాలుకకి తిమ్మిరెక్కించే చైనా మిరియం ఒకటి పడుతుంది. పక్కవాడి గిన్నెతో ఎవరికీ పనిలేదు. వినీత్‌కి ఆ షాపు నచ్చడానికి అసలు కారణం అదే.

వినీత్ ఎవరి ఎంగిలీ తినడు. ఇంటర్ చదివే రోజుల్లో హాస్టల్లో వాడితో సహా పదిమంది ఒకే సీసా నోట్లో పెట్టుకుని నీళ్ళు తాగి, వరసగా పచ్చకామెర్లు తెచ్చుకున్నారు. ఆ ఏడాది వాడి పరీక్షలు పోయాయి. అప్పట్నుంచి ఎవరైనా తమ ప్లేటులోది తీసి పెట్టబోతే ఒళ్ళు దానంతటదే వెనక్కి జరుగుతుంది. రూమ్మేట్ అనీష్ వాడికి ‘మడి సార్’ అని పేరు పెట్టాడు. 

ఆ రోజు షాపులో ఖాళీగా ఉన్నది ఒకటే టేబుల్. వినీత్ అక్కడ కూర్చుంటే ఆ అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నేను నైనిక. నన్ను అండీ అనొద్దు, మా మమ్మీలా ఫీల్ అవుతాను.”

“నన్ను అంకుల్ అనకపోతే ఆలోచిస్తాను. వినీత్.”

“శనివారం మాత్రమే వెజ్ ఎందుకు?”

“మా ఇంట్లో శనివారం వెంకటేశ్వరస్వామిది.”

“మిగతా రోజులు ఆయన చూడడా?”

వినీత్ సూపు మింగుతూ నవ్వబోయాడు. మిరియం ముక్కుకెక్కింది. నైనిక టిష్యూలు అందించి, అయ్యో అనకుండా చూస్తూ కూర్చుంది.

నైనిక పుట్టింది, పెరిగింది టెక్సస్‌లోనే. ఒక హెల్త్‌కేర్ కంపెనీలో డేటా అనలిస్టు. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ ‘అమ్మమ్మ వచ్చాడు’ అంటుంది. వినీత్ మాస్టర్స్ అయిపోయి, మొదటి ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు. ఆ తర్వాత శనివారం మధ్యాహ్నం ఇద్దరూ అనుకోకుండా మళ్ళీ అదే షాపులో కలిశారు. ఆ పై శనివారం కూడా అనుకోకుండానే కలిశారు. నువ్వు వస్తావా అని ఒకరినొకరు అడగలేదు, ఎవరూ మానలేదు కూడా. మూడో వారానికి వినీత్ ఇస్త్రీ చొక్కాలో వెళ్ళడం అనీష్ కంట పడింది. “నూడుల్స్ తిననీకి ఇస్త్రీ ఎందుకు రా?” అని అడిగితే, “ముడతలు కనిపిస్తాయని,” అన్నాడు.

“అమ్మమ్మ వచ్చింది,” అని అతను సరిచేసేవాడు.

“ఎవరు వచ్చింది?”

“ఎవరూ రాలేదు. నీ సెంటెన్స్ కరెక్ట్ చేస్తున్నాను.”

ఆమె అతనికి నంజుకునే నువ్వుల ముద్దలో వెల్లుల్లి, వెనిగర్ ఎంత కలపాలో నేర్పింది. అతను ఆమెకి వచ్చాడు, వచ్చింది నేర్పాడు. వానపడిన ఒక శనివారం ఇద్దరూ షాపు చూరు కింద నిలబడి, పార్కింగ్ లాట్‌లో పక్కపక్కనే తడుస్తున్న తమ కార్లను చాలాసేపు చూశారు. పరిగెడితే పది అడుగుల దూరం. ఎవరూ పరిగెత్తలేదు.

చలి మొదలైన వారంలో నైనిక గిన్నెలో మాంసం లేదు.

“ఏంటి ఇవాళ నువ్వు కూడా?” అన్నాడు వినీత్.

“ఊరికే. వినీత్, నీకొకటి చెప్పాలి. మా కంపెనీవాళ్ళు నన్ను కాలిఫోర్నియా వెళ్ళమంటున్నారు. అక్కడి డబ్లిన్ ఆఫీస్‌కి. మండే చెప్పాలి, ఎస్ ఆర్ నో.”

వెళ్ళొద్దు అన్న మాట వినీత్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనడానికి నేనెవర్ని అనిపించింది. తెలివైనవాళ్ళకి ఇలాంటప్పుడే ఇలాంటి ప్రశ్నలు పుడతాయి.

“మంచి ఆపర్చునిటీ కదా,” అన్నాడు.

నైనిక తన గిన్నెలోంచి చాప్‌స్టిక్స్‌తో నూడుల్స్ చుట్టి అతని నోటి ముందు పెట్టింది. “ఇది తిను. నీ కోసమే వెజ్ చేయించాను.”

వినీత్ కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది. వాడు జరపలేదు, ఒళ్ళే జరిపింది.

“వద్దు, నేను తినను.”

“వై? వెజ్ ఇది.”

“వెజ్ అని కాదు. అందులో నువ్వు తిన్నావు కదా.”

చాప్‌స్టిక్స్ గిన్నెలోకి దిగిపోయాయి. ఆమె ముఖంలో కోపం కంటే ముందు ఇంకేదో కనిపించింది. చిన్నపిల్ల ముఖంలా అయింది.

“నువ్వు కూడా అంతేనా? చిన్నప్పుడు నేను ఆపిల్ కొరికి ఇస్తే మా అమ్మమ్మ తినేది కాదు. ‘వద్దు, అది ఇంగ్లీషు’ అనేది. నేను ఇంగ్లీషు కదా. ఓకే.” కోటు తీసుకుంది. “ఫైన్. నేను డబ్లిన్ వెళ్తాను.”

అద్దాల తలుపు మూసుకుంది. మొట్టమొదటిసారి ఆమె ఆడవాళ్ళకి ఆడవాళ్ళ క్రియ సరిగ్గా వాడిందన్న సంగతి కూడా వినీత్ గమనించలేదు.

ఆ ఇంగ్లీషు ఏమిటో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. వినీత్‌కి తెలియలేదు. అమెరికాలో పుట్టినవాళ్ళంటే వాళ్ళ అమ్మమ్మకి చిన్నచూపు అనీ, తనకీ చిన్నచూపేనని నైనిక అనుకుంటోందనీ అర్థం చేసుకున్నాడు. ఇంటికెళ్ళి సోఫాలో కూర్చుని, నాకలాంటి భేదాలు లేవు అన్న అర్థం వచ్చేలా ఒక పెద్ద మెసేజ్ కొట్టి, చదువుకుని, చెరిపేశాడు. ఏం రాసినా ఆ తీసుకోని నూడుల్సే కళ్ళముందు కనిపించాయి.

సాయంత్రం అనీష్ గ్రోసరీ షాపు నుంచి మిర్చీ బజ్జీలు తెచ్చి, ఒకటి వాడి ముందుకి చాపాడు. “తీస్కో రా, మడి సార్. ఎంగిలి కాదు లే, ఇంకా ముట్టలే నేను.”

వినీత్ లేచి కూర్చున్నాడు. “ఏమన్నావు?”

“బజ్జీ తీస్కో అన్నా.”

“దాని తర్వాత?”

“ముట్టలే అన్నా.”

“మధ్యలో రా.”

“ఎంగిలి?”

వినీత్ ‘ఎంగిలి, ఇంగ్లీషు, ఎంగిలి, ఇంగ్లీషు’ అని పైకే అనుకున్నాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒక పిల్ల ఇన్నేళ్ళూ ఆ మాటని అలా మోసుకు తిరిగిందని తోచింది. అనీష్ బజ్జీ కొరుకుతూ, వీడికేదో అయిందన్నట్టు చూశాడు.

నైనిక ఫోన్ ఎత్తలేదు. మెసేజ్ పెడదామంటే ఆమెకి తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో, అది ఇంగ్లీషు కాదు, ఎంగిలి అని కొట్టి పంపాడు. వాడి ఫోనుకి స్పెల్లింగుల మీద మహా పట్టింపు. అవతలికి వెళ్ళిన మెసేజ్ ఇది: అది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు.

మూడు ప్రశ్నార్థకాలు తిరిగొచ్చాయి.

మళ్ళీ కొట్టాడు. ఫోను మళ్ళీ దిద్దింది. ‘నువ్వు తాగావా?’ అని వచ్చింది.

‘రేపు షాపుకి రా. ఇది నోటితోనే చెప్పాలి,’ అని పెట్టాడు. చాలాసేపటికి, ‘నేను ఎలాగూ అక్కడే లంచ్ చేస్తున్నా’ అని జవాబొచ్చింది. ఎలాగూ అన్న మాటని వినీత్ నాలుగుసార్లు చదివాడు.

ఆదివారం వాడు వెళ్ళేసరికి నైనిక ముందు గిన్నె సగం ఖాళీ అయి ఉంది. సూపు ఎర్రగా, పైన నూనె తేలుతూ, అన్నిటికంటే ఎక్కువ కారం వేయించుకున్నట్టు కనిపిస్తోంది.

“చెప్పు,” అంది తలెత్తకుండా.

“మీ అమ్మమ్మ ఇంగ్లీషు అనలేదు. ఎంగిలి అంది. ఎం-గి-లి.”

“వాట్ ఈజ్ దట్?”

“నోరు తగిలిందాన్ని ఎంగిలి అంటారు. ఎవరు కొరికినా ఎంగిలే. నేను కొరికినా, ఖమ్మంలో మా నాన్న కొరికినా. తెలుగు మాట్లాడినా, ఇంగ్లీషు మాట్లాడినా.”

నైనిక చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. “అంటే నేను ఇంగ్లీషు మాట్లాడతానని కాదా?”

“కాదు.”

“వినీత్, నేను అందుకే తెలుగు నేర్చుకున్నాను. మా కజిన్స్ ఎవరికీ రాదు. ఇంగ్లీషు మానేస్తే అమ్మమ్మ నా దగ్గర తింటుంది అనుకున్నాను.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం అన్నట్టు టిష్యూతో ముక్కు తుడుచుకుని, ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టింది. వాళ్ళ అమ్మమ్మ దమయంతి వేరే రాష్ట్రంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కొడుకు దగ్గర ఉంటుంది.

“అమ్మమ్మా, చిన్నప్పుడు నా ఆపిల్ నువ్వెందుకు తినలేదు?”

“ఏ ఆపిలే?”

“ఎంగిలి అన్నావు కదా.”

“ఓ, అదా. నీకు ఎప్పుడు చూసినా రొంపేనాయె. పొద్దస్తమానం కొరికి కొరికి అందరి నోళ్ళలో పెట్టేదానివి. అది మాన్పించడానికి అన్నాను. నువ్వు పడుకున్నాక ఆ ముక్కలన్నీ ఎవరు తిన్నారనుకున్నావు? నల్లగా అయిపోయినా నేనే తినేదాన్ని. నీ ఎంగిలి నాకు ఎంగిలేమిటే?”

నైనిక ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడే మళ్ళీ, “ఇన్నేళ్ళకి ఇదెవరు ఎత్తారే?” అంది.

“వినీత్ అని, ఒక ఫ్రెండ్.”

“ఆ పట్టకారు అబ్బాయా? ఇంకా ఏం చెప్పలేదా నీకు?”

నైనిక గబగబా ఫోన్ ఆపేసింది. ఈసారి చెవులతో పాటు మెడ కూడా ఎర్రబడింది. వినీత్ టేబుల్ మీద లేని మరకని వేలితో తుడిచాడు.

“నిన్న నేను వెనక్కి జరిగింది నీ వల్ల కాదు,” అన్నాడు చివరికి. పచ్చకామెర్ల సంగతంతా చెప్పాడు. “ఇంకోటి. మంచి ఆపర్చునిటీ అన్నాను చూడు, అది అబద్ధం. నువ్వు వెళ్తే నాకు శనివారాలుండవు. నువ్వంటే నాకిష్టం నైనికా. వెళ్ళొద్దు.”

“ఇష్టం అంటే ఏంటి? తర్వాత అది కూడా వేరే వర్డ్ అంటే?” అంది. పెదవి చివర నవ్వు ఆపుకుంటోంది.

వినీత్ కుర్చీని ముందుకి జరుపుకున్నాడు. “ఆ గిన్నెలోంచి కొంచెం ఇంగ్లీషు పెట్టు.”

“నీకు భయం కదా.”

“భయమే. అయినా పెట్టు.”

ఆమె నూడుల్స్ చుట్టింది. చాప్‌స్టిక్స్ దగ్గరికొస్తుంటే వినీత్ రెండు చేతులతో టేబుల్ అంచు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. నమిలాడు. మింగాడు. నాలుక మండింది, తిమ్మిరెక్కింది, కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి.

“కారమా?” అంది నైనిక.

“చాలా.” ఆయాసంగా ఊపిరి తీసుకున్నాడు. “ఇంకొంచెం పెట్టు.”

ఆమె గిన్నెని టేబుల్ మధ్యకి జరిపింది. సోమవారం ఆఫీస్‌లో నో అనే చెప్తానంది. తర్వాత లేవబోతూ, “నీకు ఇంకో స్పూన్ తేనా?” అని అడిగింది.

“ఇది ఉందిగా,” అని వినీత్ ఆమె స్పూన్ తీసుకున్నాడు.